బరువు ఒరిగితే సుక్కి ఆగుతుంది

సుక్కి మా మావయ్య గుర్రం. నుదుట తెల్లని చుక్క ఉంటుంది కాబట్టి ఆ పేరు. మా వైపు నోళ్లలో చుక్క కాస్తా సుక్క అయిపోతుంది. గుర్రం అనగానే మీరు పెద్దగా ఊహించుకోవద్దు. అరకు కొండల మీది ఊళ్ల నుంచి సంతకి బస్తాలు దించే పొట్టి రకం. పెళ్లికొడుకుని ఎక్కిస్తే కాళ్లు నేలకి రాసుకుంటాయి. దాని ముఖంలో ఎప్పుడూ ఒక విసుగు ఉంటుంది, రిటైర్మెంటు దగ్గరపడ్డ హెడ్మాస్టరు ముఖంలో ఉన్నట్టు. ఆ ముఖం ఇప్పుడు మా ముందు గదిలో, మా పెళ్లి ఫొటో పక్కన వేలాడుతోంది. ఫొటోల్లో నాకంటే అదే బాగా పడింది.

ఇది రాయమన్నది కురుపాం లక్ష్మి. విశాఖపట్నం పెద్దాసుపత్రిలో మా పక్క మంచం వాళ్లు. నాకంటే చిన్నది, నాకంటే ముందే అన్నీ పడింది. మొన్న ఫోన్ చేసి, "అక్కా, నువ్వు టీచరువి కదా, ఆ గుర్రం సంగతి రాసి పంపు. మా వైపు గుంటల తల్లులు నన్ను అడుగుతన్నారు. నాను సెప్తే నమ్మట్లేదు. కాయితం మీద ఉంటే నమ్ముతారు" అంది. గుంటలంటే మా వైపు మాటలో పిల్లలు. కాయితం మీద ఉన్నదంతా నిజమనుకునేవాళ్లు ఇంకా మిగిలి ఉన్నందుకు సంతోషించి మొదలుపెట్టాను. లక్ష్మి కోసం ఎంతో, నన్ను నేను కూడదీసుకోవడానికీ అంతే.

ముందే ఒక మాట. గుర్రం మా పాప జబ్బుని తీసెయ్యలేదు. అలా ఎవరైనా చెబితే నమ్మకండి, గుర్రం అద్దెకిచ్చేవాడు చెబితే అసలే నమ్మకండి. పాప ఎడమ చెయ్యి ఇంకా బిగుసుకునే ఉంటుంది. నడక ఇంకా రాలేదు. కానీ కూర్చుంటుంది. ఎవరూ పట్టుకోకుండా, దేనికీ ఆనకుండా కూర్చుంటుంది. ఈ ఒక్క ముక్క కోసం మా ఇల్లంతా పడిన పాట్లే ఇక్కడ రాస్తున్నాను.

వానలు, జ్వరం

దీవెనకి అప్పుడు మూడేళ్లు. కోడిపిల్లల వెంట పరిగెత్తి, అవి దొరక్కపోతే వాటి మీద నాకు ఫిర్యాదు చేసే వయసు. నేను ఊరి ప్రాథమిక పాఠశాలలో చిన్న తరగతులకి టీచర్ని. మా ఆయన భాస్కర్ కరెంటు లైన్‌మన్. మాది ప్రేమ పెళ్లి. నాది పార్వతీపురంలో మిషన్ చర్చి కుటుంబం, వాళ్లది కాఫీ, మిరియాలు, మేం చోళ్లనే రాగులు పండించుకుంటూ కొండదేవతని కొలుచుకునే కుటుంబం. పెళ్లైన కొత్తలో మా అమ్మా మా అత్తా ఒకరినొకరు పలకరించుకోవడానికి నన్ను మధ్యలో పెట్టుకునేవారు.

ఆ వానల్లో ఒక సాయంత్రం పాపకి వణుకు మొదలైంది. ఆశా కార్యకర్త వచ్చి వేలు పొడిచి చూసి మలేరియా అంది, మందు మొదలుపెట్టింది. తగ్గిపోతుందనే అనుకున్నాం. మలేరియా రానివాడు కొండవాడే కాదని భాస్కర్ తండ్రి, మా మావయ్య అంటుంటాడు. మర్నాడు పొద్దున్నే మా అమ్మ పార్వతీపురం నుంచి ప్రార్థన చేయించిన నూనె సీసాతో దిగింది. మా అత్త ఊరి పూజారి దిసారిని పిలిపించి కోడిని ఇస్తానని మొక్కింది. ఇద్దరి మధ్యలో నేను థర్మామీటరు పట్టుకుని నిలబడ్డాను. మధ్యాహ్నానికి పాప పిలిస్తే పలకడం మానేసింది. కళ్లు పైకి తేలిపోయాయి, ఒళ్లు కొయ్యబారి కొట్టుకోవడం మొదలైంది. పెళ్లైన ఇన్నేళ్లలో మొదటిసారి మా అమ్మా అత్తా ఒకే మాట అన్నారు, "బేగి బండి పిలవండి" అని.

ఘాట్‌రోడ్డు మలుపులో చెట్టు పడి ఉంది. భాస్కర్ తోటి లైన్‌మన్లు అంబులెన్సు ముందు బైకుల మీద వెళ్లి, కొమ్మలు నరికి దారి చేశారు. పాప నా ఒడిలో ఉంది. దాని బరువు నాకు తెలియలేదు, భయం ఒక్కటే తెలిసింది.

ఇక్కడ నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటుంది. పిల్ల మత్తుగా ఉంటే, పిలిచినా పలకకపోతే, ఇంకో పూట చూద్దాం అనుకోకండి. మొక్కులు దారిలో కూడా మొక్కుకోవచ్చు.

పెద్దాసుపత్రి బెంచీ

మెదడు దాకా పాకిన మలేరియా అన్నారు. లోపల ఏం చేశారో నాకు తెలియదు, తెలిసినంతా అద్దం తలుపు బయట ఉన్న బెంచీ గురించే. ఆ బెంచీకి ఒక కాలు పొట్టి. అందరూ ఒక పక్కకి కూర్చుంటే ఇటు వాలేది, ఒకరు లేస్తే అటు వాలేది. అందుకని ఎవరు లేవాలన్నా పక్కవాళ్లకి చెప్పి లేచేవాళ్లం. అలా పరిచయమైంది లక్ష్మి. వాళ్ల బాబుకి కూడా అదే జ్వరం, మాకంటే ముందు వచ్చారు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా డాక్టరు ముఖం చూసి అర్థం చేసుకోవడం ఆమెకి అప్పటికే వచ్చేసింది. "ఈయన కళ్లజోడు తీసి తుడుస్తంటే మంచి మాటే సెప్తాడక్కా, నువ్వు ఊపిరి పీల్సుకో" అనేది. చాలాసార్లు అలాగే అయ్యేది కూడా.

ఊడ్చే ఆమె ఒకావిడ ఉండేది. ఒకరోజు నేను తలుపు దగ్గరే ఏడుస్తుంటే చీపురు ఆపి, "ఇక్కడ కాదమ్మా, గుంట ఇంటాది. బాత్రూంలోకెల్లి కొళాయి తిప్పుకుని ఏడు, నీ జాగా నాను సూత్తాను" అంది. వెళ్లి ఏడ్చి వచ్చాను. ఆవిడ నా చోట్లో కూర్చుని ఉంది, చీపురు ఒళ్లో పెట్టుకుని. ఆ రోజుల్లో నాకు జరిగిన గొప్ప మర్యాద అదే.

మా మావయ్య పేరు సోమన్న. కొండ దిగి అంత దూరం రావడం ఆయనకి అలవాటు లేదు. అయినా చోడి అంబలి సీసాలో పోసుకుని బస్సెక్కి వచ్చాడు. లిఫ్టు ఎక్కనన్నాడు. "గాలిలో ఏలాడే పెట్టెలో నానెందుకు ఎక్కుతాను" అని మెట్లన్నీ ఎక్కి, ఆయాసపడుతూ అంబలి నా చేతిలో పెట్టాడు. మనవరాలిని అద్దంలోంచి చాలాసేపు చూశాడు. తరవాత, "గుంట ఎడం పక్కకి ఒరిగిపోనాదేటి" అన్నాడు. డాక్టరు చెప్పకముందే ఆ మాట అన్నది ఆయనే. చెప్పొద్దూ, నాకు చాలా కోపం వచ్చింది.

పాప బతికింది. కళ్లు తెరిచి నన్ను గుర్తుపట్టింది. నవ్వలేదు, మాట రాలేదు. ఒళ్లంతా తడిసిన దుప్పటిలా జారిపోతోంది. ఎత్తి కూర్చోబెడితే ఎడమ వైపుకి వాలిపోయేది. ప్రాణం నిలబెట్టాం, మిగతాది నెమ్మది మీద, వ్యాయామం మీద ఉంది అన్నారు. కళ్లజోడు తుడవకుండా అన్నారు.

దిండ్ల కాలం

ఇంటికొచ్చాక మా ఇల్లు దిండ్ల దుకాణం అయింది. పాపకి ఎడమ పక్కన దిండు, వెనక దిండు, ముందు దిండు. ఎడమ దిండు జారితే పాప జారేది. మా అమ్మ చీరలు చుట్టి పంపేది, మా అత్త దూదితో కుట్టేది, ఎవరి దిండు మంచిదన్న దానిపై కూడా చిన్న పోటీ నడిచింది. భాస్కర్ మాటల మనిషి కాదు. మూడు ఆదివారాలు కూర్చుని, చెక్కతో చిన్న కుర్చీ చేసి, తను స్తంభం ఎక్కేటప్పుడు కట్టుకునే లాంటి బెల్టు దానికి బిగించాడు. ఆయన ప్రేమంతా ఆ బెల్టులోనే ఉంది. మా అత్తకి నచ్చలేదు. "పిల్లని కుర్సీకి కట్టీడమేటి, దొంగా అది?" అని పాపని ఎత్తి చంకనేసుకుని పెరట్లోకి వెళ్లిపోయేది.

ఊరివాళ్ల మంచితనం గురించి ఏం చెప్పను. వచ్చినవాళ్లందరూ తలా ఒక వైద్యం చెప్పారు. జి.మాడుగుల వైపు ఎవరో పసరు పోస్తారన్నారు. ఎవరో ఒకావిడ పాప ముందే, "ఇంకేటి లేస్తాదిలే" అంది. మా అత్త ఆవిడకి ఇచ్చిన టీ గ్లాసు చేతిలోంచి తీసేసుకుంది. మా అత్త మీద నాకు ప్రేమ పుట్టింది ఆరోజే.

నేను మళ్లీ బడికి వెళ్లడం మొదలుపెట్టాను. నా క్లాసులో పిల్లలు చాప మీద వరసగా కూర్చుంటారు. ఎవడూ కుదురుగా కూర్చోడు. అటూ ఇటూ ఊగుతారు, తోసుకుంటారు, వెనక్కి పడిపోతారు, లేస్తారు. అంతకుముందు "సరిగ్గా కూర్చోండర్రా" అని అరిచేదాన్ని. ఇప్పుడు వాళ్ల వెన్నులు చూస్తూ ఉండిపోయేదాన్ని. ఆరేళ్లొచ్చేసరికి మా దీవెన ఆ చాప మీద వాళ్ల మధ్య కూర్చోవాలని నాలో ఒక పట్టుదల మొదలైంది. బెల్టు కుర్చీలో కాదు, చాప మీద.

వారానికొకసారి మండల కేంద్రంలో ఇలాంటి పిల్లల కోసం ఒక గది తెరుస్తారు. అక్కడికి శ్రావణి అనే ఫిజియోథెరపిస్టు వచ్చేది. విశాఖపట్నం అమ్మాయి. చిన్న వయసు, గట్టి చేతులు, అంతకంటే గట్టి గొంతు. పాపని ఏడిపించి మరీ వ్యాయామం చేయించేది. గది బయట మళ్లీ ఒక బెంచీ, దాని మీద మళ్లీ మేం తల్లులం. నా జీవితం బెంచీల మీద రాసిపెట్టి ఉందనుకున్నాను.

వలిసె పూలప్పుడు

అలా రెండేళ్లు గడిచాయి. కొండవాలంతా వలిసె పూలతో పసుపు పూసుకున్న రోజులు. సంత నుంచి తిరిగొస్తూ మావయ్య మమ్మల్ని తీసుకెళ్లడానికి ఆ గది దగ్గరికి వచ్చాడు, సుక్కితో సహా. కొండ ఊళ్లకి రోడ్లు పడి, ఆటోలు వచ్చాక సుక్కికి పెద్దగా పని లేదు. అయినా సంతరోజున దాన్ని వెంట తిప్పుకోకపోతే ఆయనకి తోచదు. లోపల ఏడ్చి ఏడ్చి వచ్చిన దీవెన, సుక్కి తోక ఊపడం చూసి ఏడుపు ఆపింది. ఆపడమే కాదు, ఎప్పుడూ వాలి ఉండే తల ఎత్తింది.

శ్రావణి అది చూసింది. సుక్కి చుట్టూ ఒకసారి తిరిగింది.

"తాతగారూ, ఈ గుర్రం కరుస్తుందా?"

"దానికంత ఓపికెక్కడిదమ్మా" అన్నాడు మావయ్య.

చదువుకునేటప్పుడు పట్నంలో ఒకచోట ఇలాంటి పిల్లల్ని గుర్రం మీద కూర్చోబెట్టి నడిపించడం శ్రావణి చూసిందట. గుర్రం నడిచేటప్పుడు దాని వీపు కదిలే తీరు మనిషి నడిచేటప్పుడు నడుం కదిలే తీరుకి దగ్గరగా ఉంటుందట. నడవలేని పిల్ల నడుముకి ఆ కదలిక అందుతుంది, పడిపోకుండా నిలబెట్టుకోవడం ఒళ్లు తనంతట తను నేర్చుకుంటుంది అని చెప్పింది. వెంటనే ఎక్కించలేదు. పెద్దాసుపత్రి డాక్టర్ని అడిగింది, తుంటి ఎక్సరే తీయించింది, హెల్మెట్ తెప్పించింది. జీను వద్దు, మెత్తటి కంబళి చాలంది. ముందు ఒకరు పగ్గం పట్టుకోవాలి, రెండు పక్కలా ఇద్దరు నడవాలి. పాపని గుర్రానికి మాత్రం ఎప్పుడూ కట్టకూడదంది. మావయ్య అప్పటికే భుజం మీద తువ్వాలు తీసి సిద్ధంగా ఉన్నాడు. గుర్రం పడితే పాప దాని కింద ఉండిపోతుందని శ్రావణి చెప్పాక మళ్లీ భుజాన వేసుకున్నాడు.

మా ఇంటి వెనక కాఫీ ఆరబోసే కళ్లం ఉంది. అక్కడ మొదలుపెట్టాం. పగ్గం మావయ్యది, ఒక పక్క నేను, ఇంకో పక్క శ్రావణి. సుక్కి కొంచెం నడిచింది, ఆగింది. మావయ్య అదిలించాడు. మళ్లీ కొంచెం నడిచి, ఆగింది. దాని తప్పేం లేదు. ఏళ్ల తరబడి ఆయనే నేర్పాడు, బస్తా ఒక పక్కకి ఒరిగితే నిలబడిపోవాలని. ఆయన వచ్చి బరువు సరిచేసి, నాలుకతో టక్‌మనేదాకా అది అడుగు వెయ్యదు. ఇప్పుడు దాని వీపు మీద ఒరిగిన బరువు మా పాప.

చోళ్ల సంచి

ఆ తరవాత శ్రావణికి పెళ్లి కుదిరి సెలవు మీద వెళ్లింది. వెళ్తూ, వారానికి రెండుసార్లు కాసేపు నడిపించండి, పట్టుకునే చేతులు పాపకి దగ్గరగా ఉంచండి అని చెప్పింది. ఆమె చోట నడవడానికి భాస్కర్ డ్యూటీలు మార్చుకున్నాడు. సుక్కి మాత్రం అడుగడుక్కీ ఆగుతూనే ఉంది. అది ఆగితే పాప ఏడ్చేది. పాప ఏడిస్తే మా అత్త పెరట్లోంచి పరిగెత్తుకొచ్చేది.

ఒకరోజు మావయ్య ఇంట్లోకి వెళ్లి, గుడ్డ సంచిలో చోళ్లు పోసి తెచ్చాడు. కంబళికి కుడి పక్కన వేలాడదీశాడు. దూరం నుంచి చూశాడు, ఇంకో రెండు గుప్పిళ్లు పోశాడు. ఒక పక్క పసుపు బస్తా బరువెక్కితే ఇంకో పక్క ఉప్పు మూట వేసే మనిషి ఆయన, జీవితమంతా అదే పని. తరవాత నాలుకతో టక్‌మన్నాడు.

సుక్కి నడిచింది. కళ్లం చుట్టూ ఆగకుండా నడిచింది. పాప నవ్వింది.

జ్వరం తరవాత అది మొదటి నవ్వు. గొంతులోంచి బయటికొచ్చిన నవ్వు. భాస్కర్ నడుస్తూనే ముఖం అటు తిప్పుకున్నాడు. మా అత్త కళ్లం గట్టు మీద కూలబడింది. నేను మా అమ్మకి ఫోన్ చేసి, ఏం చెప్పాలో తెలియక ఫోన్ పాప వైపు తిప్పి పట్టుకున్నాను. ఆ సంచిని ఆ రోజు మేము దండ వేసి పూజించలేదంతే.

వలిసె పూలు రాలి, కాఫీ పండ్లు కోయడం అయిపోయేదాకా అలాగే నడిపించాం. పాప ఎక్కినప్పుడల్లా నవ్వుతోంది కాబట్టి పాపకి బాగవుతోందనుకున్నాం. శ్రావణి పసుపుతాడుతో, పెళ్లి మిఠాయిలతో తిరిగొచ్చింది. కళ్లం గట్టున నిలబడి ఒక చుట్టు చూసింది. మిఠాయి డబ్బా నా చేతికిచ్చి, సంచి మీద చెయ్యి వేసి, "ఇదేంటి?" అంది.

మావయ్య గర్వంగా చెప్పాడు.

శ్రావణి సంచిని చేత్తో ఎత్తి బరువు చూసింది. తరవాత, "తాతగారూ, మీరు గుర్రానికి సాయం చేశారు. పాపకి కాదు. ఒరిగినా పరవాలేదని ఆ సంచి పాపకి చెబుతోంది. ఒరిగే కూర్చుంటోంది చూడండి, అంతకుముందు కంటే ఎక్కువగా" అంది.

చూశాం. నిజమే. నవ్వు చూస్తూ వెన్ను చూడలేదు. ఆ నెలలోనే పెద్దాసుపత్రికి చూపించడానికి వెళ్తే, వెన్ను వంపు తిరగడం మొదలైందన్నారు. ఇలాగే పెరిగితే ఆపరేషన్ దాకా రావచ్చు, మళ్లీ కూర్చోవడం సంగతి అప్పుడు చూడాలి అన్నారు. కిందికి దిగుతుంటే నాకు బడిలో చాప గుర్తొచ్చింది. మెట్ల మీదే కూర్చుండిపోయాను.

సంచి తీసెయ్యాలని శ్రావణి అంది. మావయ్య తీయనన్నాడు.

"బరువు ఒరిగిన గుర్రాన్ని నాను నడపను. నా ఒంట్లో పేనం ఉండగా నడపను. మీ సదువులు మీవి" అని సుక్కిని విప్పుకుని వెళ్లిపోయాడు. రెండు వారాలు కళ్లం వైపు రాలేదు. భాస్కర్ తండ్రిని ఏమీ అనలేక నా మీద విసుక్కున్నాడు. నేను ఆయన మీద విసుక్కోలేక గిన్నెల మీద చూపించాను. దీవెన రోజూ కిటికీ దగ్గర దిండ్ల మధ్య కూర్చుని, "సుక్కి" అనేది. జ్వరం తరవాత దానికి తిరిగొచ్చిన మాటల్లో అది నాలుగోదో ఐదోదో. ఆ మాట విన్నప్పుడల్లా ఇంట్లో అందరం వేరే పని వెతుక్కునేవాళ్లం.

పిడికెడు పిడికెడు

చివరికి నోరు విప్పింది మా అత్త. శ్రావణి ఇంటికొచ్చిన రోజున, చోళ్లు చెరుగుతూ చెప్పింది. సుక్కికి ముందు మావయ్యకి ఇంకో గుర్రం ఉండేదట. పైనుంచి పసుపు బస్తాలు దించుతుంటే వాన పట్టుకుంది. ఒక బస్తా ఒరిగింది. మలుపు దాటాక సరిచేద్దామని ఆయన ఆగలేదు. మలుపు దాటలేదు. గుర్రం, బస్తాలు లోయలోకి పోయాయి. పగ్గం ఆయన చేతిలో తెగి మిగిలింది.

"అప్పటినుంచీ బరువు ఒరిగితే ఆయనకి ఊపిరాడదు. మనవరాలు ఒరిగి కూకుంటే ఎలా ఉంటాదో మీరే సూసుకోండి" అంది. చేట పక్కన పెట్టి, "ఆయన సేతిలోంచి సంచి ఒక్కసారే లాగీకండి. పిడికెడు పిడికెడు తీయండి. ఆయనకీ అలవాటవుద్ది, గుంటకీ అలవాటవుద్ది" అంది.

శ్రావణి నవ్వేసింది. "మేం చదువుకున్నదీ అదే అమ్మా. సాయం కొంచెం కొంచెంగా తగ్గించమంటారు. కాకపోతే చోళ్లతో అని పుస్తకంలో లేదు."

మావయ్యని ఒప్పించడానికి శ్రావణే వెళ్లింది. ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు. మర్నాడు సుక్కి కళ్లంలో ఉంది, సంచితో సహా. ఆయన సంచి మూతి విప్పి, ఒక పిడికెడు చోళ్లు తీసి దీవెన కుడి చేతిలో పోశాడు. "నీ సేత్తో దానికి పెట్టు" అన్నాడు. పాప చెయ్యి చాపింది. సగం నేలపాలైంది, సగం సుక్కి నాలుకకి అందింది. ఆ వారం తగ్గిన బరువు అంతే.

అలా మొదలైంది. వారానికో పిడికెడు. సంచి తేలికయ్యేకొద్దీ సుక్కి ఆగడం పెరిగింది. ఇదివరకు ఆగితే మేం పాపని నిటారుగా పట్టుకునేవాళ్లం. ఇప్పుడు ముట్టుకోకూడదు. చేతులు దగ్గర ఉంచాలి, పడిపోతే తప్ప తగలకూడదు. సుక్కి ఆగుతుంది, పాప "పద" అంటుంది, సుక్కి పోదు. పాప అరుస్తుంది, సుక్కి చెవులు కూడా కదపదు. ఈ లోకంలో మా పాప ఏడుపుకి లొంగని ప్రాణి అదొక్కటే. అరిచి అరిచి, ఇంక దారి లేక, కుడి చెయ్యి కంబళి మీద ఆన్చి, పళ్లు బిగించి, దీవెన తనని తాను పైకి లాక్కునేది. వెన్ను మధ్యకి రాగానే మావయ్య టక్‌మనేవాడు. సుక్కి నడిచేది.

ఆ ఆగిన కాసేపు మాకు చాలా కష్టంగా ఉండేది. నా చెయ్యి పాప నడుముకి బెత్తెడు దూరంలో ఆగేది. భాస్కర్ నేల చూసేవాడు. అందరికంటే కష్టం మావయ్యది. ఆయన పగ్గం పట్టుకుని, కళ్లు మూసుకుని నిలబడేవాడు. పాప లేచిందని ఆయనకి ఎలా తెలిసేదని అడిగితే, "సుక్కి ఊపిరి ఇడుస్తాది కదా" అన్నాడు.

ఇదంతా చూసి, మండలం గదికి వచ్చే ఇంకొందరు తల్లులు పిల్లల్ని తీసుకొచ్చారు. శ్రావణి చూసి, తగినవాళ్లనే ఎక్కించింది. ఎవరినీ ముట్టుకోనివ్వని బాబు ఒకడు సుక్కి ఎక్కలేదు, దాని పొట్టకి చెంప ఆన్చి నిలబడ్డాడు. వాళ్లమ్మ మా గట్టు మీద కూర్చుని టీ తాగింది. చల్లారకముందే టీ తాగి ఎన్నాళ్లైందో అంది. ఇంకో పాప మాత్రం గుర్రాన్ని చూస్తేనే కేకలు పెట్టింది, ఇక తీసుకురాలేదు. అందరికీ పడుతుందని నేను చెప్పను. కానీ ఆ గట్టు మీద మేం తల్లులం కూర్చుని, పిల్లల జబ్బు గురించి కాకుండా సుక్కి పొగరు గురించి మాట్లాడుకున్న సాయంత్రాలు నాకు మందులా పనిచేశాయి. అది కూడా వైద్యమేనని శ్రావణి అంటుంది.

మామిడి పిందెలు దిగేవేళకి సంచి ఖాళీ అయింది. మావయ్య ఖాళీ సంచినే ఇంకా కొన్నాళ్లు వేలాడదీశాడు. మేమెవరం అడగలేదు. ఒకరోజు మా అత్తే విప్పి, "నా సంచి నాకిచ్చీండి, మిరియాలు పోసుకోవాల" అని తీసుకుపోయింది. ఆ రోజు సుక్కి ఆగినప్పుడు దీవెన ఏడవలేదు. నెమ్మదిగా వెన్ను నిలబెట్టుకుంది. మావయ్య కళ్లు మూసుకుని ఉన్నాడు. ఆయన టక్‌మనేలోపే పాప నాలుకతో టక్‌మంది. సుక్కి నడిచింది. మావయ్య పగ్గం పట్టుకుని దాని వెనక పరిగెత్తాల్సి వచ్చింది.

పెద్దాసుపత్రిలో మళ్లీ చూశారు. వంపు పెరగలేదన్నారు, ఆపరేషన్ మాట ఇప్పుడు అక్కర్లేదన్నారు. డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. బయటికొచ్చి నేను మొదట ఫోన్ చేసింది లక్ష్మికి.

బడి తెరిచాక

జూన్‌లో బడి తెరిచాం. దీవెనకి ఆరేళ్లు. మొదటిరోజు భాస్కర్ బెల్టు కుర్చీని భుజాన వేసుకుని గుమ్మం దాకా వచ్చాడు. "ఎందుకైనా మంచిది, ఓ మూల ఉంచు" అన్నాడు. మూలన ఉంచాను. పాపని చాప మీద, వరస మధ్యలో కూర్చోబెట్టాను. గోడ దూరంగా ఉంది. దిండ్లు లేవు. మావయ్య సుక్కితో సహా బడి గేటు దగ్గర నిలబడ్డాడని పిల్లలు చెప్పారు. వెళ్లిపొమ్మని కబురు పెట్టాను. పోలేదు.

హాజరు వేశాను. పాట పాడించాను. బోర్డు మీద అక్షరం రాయడం మొదలుపెట్టి, ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. దీవెన ఎడమ పక్కకి ఒరుగుతోంది.

నా చేతిలో సుద్దముక్క అక్షరం సగంలో ఆగిపోయింది. కాళ్లు పాప వైపు వెళ్లడానికి సిద్ధంగా ఉన్నాయి. నాకు ఎంత భయం వేసిందంటే, మూడేళ్ల కిందటి అంబులెన్సులో కూడా అంత వెయ్యలేదు. అయినా కదల్లేదు. పిల్లలు గోల చేస్తున్నారు, ఒకడు పక్కవాడి పలక లాక్కుంటున్నాడు. నేను మాత్రం బోర్డు దగ్గర అలాగే నిలబడిపోయాను.

దీవెన కుడి అరచెయ్యి చాప మీద ఆన్చింది. పళ్లు బిగించింది. నెమ్మదిగా, వంకరటింకరగా, పైకి వచ్చింది. వెన్ను మధ్యకి వచ్చాక చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది. అప్పుడు తలెత్తి, బోర్డు దగ్గర ఆగిపోయి ఉన్న నన్ను చూసింది. ఇంకా ఎందుకు నిలబడ్డావన్నట్టు చూసింది.

నాలుకతో టక్‌మంది.

నేను కదిలాను.